మా జపాను బండి

మొదటిసారి మా బండి నడుపుకుంటూ కాలేజీకి వెళ్ళిన రోజున గేటు దగ్గర కాపలా వుండే ముసలాయన చెయ్యి అడ్డం పెట్టి, "సామాన్ల బండ్లు ఎనక గేటుకు పోవాలె" అన్నాడు. ఏళ్ళ తరబడి రోజూ నాకు నమస్కారం పెట్టే మనిషి. నేను కిటికీలోంచి తల బైటపెట్టి, "నేనేనయ్యా" అన్నాను. ఆయన నన్ను చూశాడు, బండిని చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. "సారూ, మీరా! డ్రైవరు రాలేదా?" అన్నాడు.

డ్రైవరును నేనే అని చెప్పటానికి ఆ క్షణాన ఎంత నామోషీ వేసిందో దాచుకోవటం దేనికి? స్కూటరు మీద వచ్చే లెక్చరరుకు ఒక మర్యాద, కారులో వచ్చే లెక్చరరుకు ఇంకొక మర్యాద వున్నాయని తెలుసును గాని, వెనక డాలా వున్న బండిలో వచ్చే లెక్చరరుకు ఏ మర్యాదా కేటాయించి లేదని ఆనాడే తెలిసింది. సాయంకాలానికి పిల్లలు నాకు "ట్రాలీ సారు" అని పేరు పెట్టేశారు. అంతకు ముందు "సంధి సారు" అనేవారట. ఏది మేలో మీరే చెప్పండి.

బండి అంటే పెద్దదేమీ కాదు. సుజుకీ వారి సూపర్ క్యారీ. పొడవు నాలుగు మీటర్లకు లోపే. 793 సి.సి. డీజిలు ఇంజను, అందులో రెండే రెండు సిలిండర్లు. మోయవలసిన బరువు 740 కిలోలు. 2018లో తయారైన దానిని 2022 ఫిబ్రవరిలో వనపర్తిలో మంచినీళ్ళ డబ్బాలు వేసే ఒకాయన దగ్గర కొన్నాను. ఇంటి ముందు దాన్ని నిలబెట్టగానే మా నాయిన చుట్టూ ఒకసారి తిరిగి, చక్రాన్ని కాలితో తట్టి, "ఎమ్మే చదివినోనివి, గీ బండి ఎందుకురా?" అన్నాడు. మా ఆవిడ అదికూడా అనలేదు. అనకపోవటమే ఆమె అభిప్రాయమని పెళ్ళయిన మగవాళ్ళకు నేను వేరే చెప్పనక్కరలేదు.

ఎందుకో చెప్పాలంటే మా తోట సంగతి చెప్పాలి. మా నాయిన మామిడి రైతుగా పుట్టలేదు. కృష్ణ ఒడ్డున మాకు నల్లరేగడి వుండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు వెనక్కి నిలిచే వేళ, 1981 ప్రాంతాన, ఆ వూళ్ళు ఖాళీ చేయించారు. నేనప్పుడు ఒళ్ళో పిల్లవాణ్ణి. జటప్రోలు మదనగోపాలస్వామి గుడిని రాయి రాయి విప్పి తెచ్చి కొత్తచోట నిలబెట్టారు. మనుషులు మాత్రం ఎవరి బండి వారు కట్టుకున్నారు. ఇంటి దూలాలు, తలుపులు, విసుర్రాయి, నేను, అంతా ఒకే ఎడ్లబండిలో వచ్చామట. వచ్చిన పరిహారంతో కొల్లాపూరు బైట నాలుగెకరాల ఎర్రచెలక కొని, నాయిన బేనిషాను అంట్లు పెట్టాడు. అదే, కోస్తా వారు బంగినపల్లి అనే కాయ. పక్కనే మా మేనమామ కూడా అంతే కొన్నాడు.

చెట్లు కాపుకు వచ్చాయి. కొల్లాపూరు మామిడికి పేరూ వచ్చింది. కాని నాయిన ఏనాడూ కాయ అమ్మలేదు. పూత అమ్మాడు. జనవరిలో వ్యాపారి తోటలోకి వచ్చి, తల పైకెత్తి పూత చూసి, ఒక అంకె చెప్పేవాడు. నాయిన ఇంకొక అంకె చెప్పేవాడు. చివరకు వ్యాపారి చెప్పిన అంకె దగ్గరే బేరం తెగేది. ఎందుకంటే ఆ వ్యాపారి దగ్గర దసరాకే అప్పు తెచ్చి వుండేవాడు. ఆ తరువాత కాయ ఎటు పోయిందో, ఏ ధర పలికిందో మాకు సంబంధం లేదు. ముప్పై ఏళ్ళకు పైగా పంట తీసిన మనిషి తన కాయ అమ్ముడుపోయే చోటు చూడలేదు. నాకు జీతం మొదలయిన తరువాత అప్పు తీరింది గాని అలవాటు తీరలేదు. "బండి ఏడున్నది మనకు?" అనేవాడు. ఆ మాటకు జవాబుగానే నేను బండి కొన్నాను.

కొన్న తరువాత స్టాఫు రూములో ఒక మిత్రుడు నన్ను భయపెట్టాడు. సరుకు బండి నడపటానికి కారు లైసెన్సు చాలదు, వేరే ముద్ర వుండాలి అని. విచారిస్తే, 7500 కిలోలకు మించని బండ్లకు ఆ ముద్ర అక్కరలేదని 2017లోనే సుప్రీంకోర్టు చెప్పి వున్నది. 2024 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కూడా దాన్నే ఖాయం చేసింది. మొత్తం బరువు 3000 కిలోలకు లోపు వున్న సరుకు బండికి పర్మిటు కూడా అవసరం లేదు. ఫిట్‌నెస్ మాత్రం తప్పదు. ఎనిమిదేళ్ళు నిండేదాకా రెండేళ్ళకొకసారి, ఆ పైన ఏటేటా. మనిషికి నలభై దాటిన తరువాత డాక్టరు చెప్పే మాట లాంటిదే ఇది.

ఆ ఏప్రిల్‌లో మొదటి కోత కోసి, ముప్పై మూడు క్రేట్లు ఎక్కించాము. నాయిన తువ్వాలు భుజాన వేసికొని, పిలవకుండానే వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. రాత్రి పదకొండింటికి బయలుదేరి నాగర్‌కర్నూలు, కల్వకుర్తి, ఆమనగల్లు దాటి, తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగురోడ్డు ఎక్కి, బాటసింగారం చేరేసరికి ఇంకా తెల్లవారలేదు. గడ్డిఅన్నారంలో వుండిన పండ్ల మార్కెట్టును అంతకు ముందు ఏడే, 2021లో, అక్కడికి మార్చారు. లైట్ల కింద ఎటు చూసినా మామిడికాయ. గడ్డి వాసన, జీడి వాసన. వేలం పాడేవాడు పాట పాడినట్టే అంకెలు చదువుతున్నాడు. మా కుప్ప దగ్గరికి వచ్చాడు. ఒక కాయ తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. రెండు నిమిషాలలో అంతా అయిపోయింది.

ధర విని నాయిన నా వైపు తిరిగి, "టన్నుకా?" అని అడిగాడు. అవునన్నాను. ఇంకేమీ మాట్లాడలేదు. మేము పూత మీద అమ్ముకున్న లెక్కన కట్టుకుంటే దాని కంటే రెట్టింపు పైచిలుకు. తిరుగుదారిలో కడ్తాలు దాకా కిటికీలోంచి బైటికే చూస్తూ కూర్చున్నాడు. సంతోషిస్తాడనుకున్న నాకు ఆ మౌనం అర్థం కాలేదు. ముప్పై ఏళ్ళ లెక్క లోపల వేసికుంటున్నాడని తరువాత తట్టింది. కడ్తాలులో చాయ తాగి, నేను జేబులో చెయ్యి పెట్టేలోగా డబ్బు ఆయనే ఇచ్చాడు. బండి ఎక్కబోతూ డాలా మీద రెండుసార్లు తట్టాడు, ఎద్దు మూపురం మీద తట్టినట్టు.

ఇక బండి పుట్టుక సంగతి. మా వీధిలో అందరికీ ఒకే అనుమానం, ఇది నిజంగా జపానుదేనా అని. వంశం జపానుదే, పుట్టింది మన దేశంలో. 1961లో సుజుకీ వారు సుజులైట్ క్యారీ అని 360 సి.సి. తరగతి బండి ఒకటి తీశారు. ఆ వంశంలోదే 1984లో మన దేశానికి మారుతి వ్యానుగా వచ్చి, తరువాత ఆమ్ని పేరుతో 2019 దాకా నడిచింది. మాది దానికి తమ్ముడి వరస. జపాను రైతుల చేతిలో వుండే అసలు చిన్న బండ్ల తరగతిని అక్కడ "కే" అంటారు. పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు, ఇంజను 660 సి.సి. దాటకూడదు. బరువు 350 కిలోలు. అంతే. వరిమళ్ళ గట్ల మధ్య పోయేందుకు అంతకంటే ఎక్కువ ఎందుకు?

తెలుగు చెప్పుకునేవాణ్ణి గనుక ఒక ముచ్చట చెప్పకుండా వుండలేను. 1980ల నడుమ జపాను కంపెనీలతో చేతులు కలిపి మన దేశంలో నాలుగు రకాల లారీలు వచ్చాయి. ఆల్విన్ నిస్సాను మన జహీరాబాదులోనే తయారయింది. తక్కినవి స్వరాజ్ మాజ్దా, ఐషర్ మిత్సుబిషి, డి.సి.ఎం. టొయోటా. కంపెనీలు చేతులు మారాయి, పేర్లు పోయాయి. కాని మా తెలంగాణాలో ఈనాటికీ ఆ సైజు లారీ ఏ కంపెనీది అయినా దాన్ని "డీసీఎం" అనే అంటారు. పెళ్ళికి డీసీఎం, ఇల్లు మారటానికి డీసీఎం. డి.సి.ఎం. అంటే ఢిల్లీ క్లాత్ మిల్స్. బట్టల మిల్లు పేరు లారీకి పేరయి కూర్చున్నదని చెబితే మా పిల్లలు నమ్మలేదు. అర్థవ్యాకోచం చెప్పటానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ ఇంతవరకు దొరకలేదు.

అసలు జపాను బండి మా కుటుంబంలోనే ఒకరి దగ్గర వున్నది. మా మేనమామ కొడుకు, నాకు బావ, అమెరికాలో టెక్సాసులో వుంటాడు. 1990ల నాటి సుజుకీ క్యారీని ఓడలో తెప్పించుకున్నాడు. అక్కడి చట్టం విచిత్రం. వాళ్ళ నిబంధనల ప్రకారం తయారు కాని బండి అయితే పాతికేళ్ళు నిండితేనే సులువుగా దేశంలోకి రానిస్తారు. మన దగ్గర అందుకు తలకిందులు. పాత బండి తెప్పించాలంటే మూడేళ్ళు దాటకూడదు. ఇక్కడ రానివ్వనిది అక్కడ వస్తుంది, అక్కడ రానివ్వనిది ఇక్కడ. వచ్చినా నంబరు పలక దొరకక కొంతకాలం పెరట్లోనే నిలబెట్టాడు. 2024లో టెక్సాసు వారు నియమం సడలించిన తరువాత రోడ్డు ఎక్కింది. ఆదివారం నాడు మొక్కల మట్టి, ఎరువు బస్తాలు తెచ్చుకుంటాడు. ఫోను చేసి అరగంట సేపు కార్బురేటరు గురించి మాట్లాడతాడు. మాటల చివర, "తోట ఎట్లున్నదిరా?" అంటాడు. మా తోట అని అనుకుంటాడో, వాళ్ళ తోట అని అనుకుంటాడో నేను అడగను. వాళ్ళ నాలుగెకరాలు 2016లో అమ్మేశారు. కొన్నవారు చెట్లు కొట్టించి, గజాల లెక్కన రాళ్ళు పాతారు.

బండి కొనటం ఒక ఎత్తు, వుంచుకోవటం ఒక ఎత్తు. ఇంజను సీటు కిందనే వుంటుంది. ఎండాకాలంలో కల్వకుర్తి దాటేసరికి కూర్చున్నచోట కుంపటి. నూనె చూడాలన్నా సీటు ఎత్తాలి, దాని మీద వున్న నా పుస్తకాలూ పిల్లల జవాబు పత్రాలూ దించాలి. తోట బాటలో ఎర్రదుమ్ము గనుక గాలి ఫిల్టరు పుస్తకంలో చెప్పిన దానికంటే ముందే మార్చాలి. డీజిలు ఫిల్టరులో దిగిన నీళ్ళు తీస్తుండాలి. కమాన్ పట్టాలకు మట్టి కడిగి గ్రీజు పెట్టాలి. తోటలో నిలబెడితే ఎలుకలు వైర్లు కొరుకుతాయి. దానికి మందు పొగాకు ఆకులని ఎవరో చెబితే పెట్టాను. ఎలుకలు పోయాయో లేదో గాని, నేను చుట్ట అలవాటు చేసికున్నానని మా ఆవిడ నాలుగు రోజులు అనుమానించింది.

ఇవన్నీ నాకు నేర్పింది బస్టాండు వెనుక షెడ్డులో వుండే చాచా. డెబ్భై ఏళ్ళు వుంటాయి. పానా చేతికి ఇచ్చే పిల్లవాడిని తిట్టినట్టే నన్నూ తిడతాడు, కాకపోతే వెనక "సార్" చేరుస్తాడు. మొదటి రోజునే చెప్పాడు: "ముప్పై మూడు క్రేట్లు సార్. ఆపైన ఒక్కటి కూడ వద్దు. ఎద్దుకు బరువైతే కూలబడ్తది, మనకు తెలుస్తది. ఇంజను కూలబడదు. సస్తది." కాయలతో కలిపి క్రేటు ఇరవై రెండు కిలోలు. ముప్పై మూడు అంటే 726 కిలోలు. లెక్క సరిగ్గా 740కి లోపే. మొదటి ఏడు ఆ లెక్క తప్పలేదు.

రెండో ఏడు, 2023 మే నెలలో తప్పాను. వానలు వస్తాయి, ధర పడిపోతుంది అన్నారు. రెండు తిరుగుళ్ళ డీజిలు ఒక తిరుగుడులో మిగులుతుందని నాకు ఆశ. మావి నలభై ఆరు క్రేట్లు. పక్క తోట అవ్వవి పన్నెండు. ఆమెకు మగదిక్కు లేదు. పది పదిహేను చెట్లు, ఒక మనవరాలు. అప్పటిదాకా ఆమె కూడా పూతనే అమ్మేది. "మీ కాయ కూడ తీసుకపోత అవ్వా, ధర చూస్తవు" అని నేనే, అడగకుండా, ఆమె వాకిట్లోకి వెళ్ళి చెప్పాను. మొత్తం యాభై ఎనిమిది. లెక్క కడితే 1276 కిలోలు. కట్టలేదు.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి వున్నది. రెండు రోజులుగా బండి నిలిపినచోట నాలుగు చుక్కలు తడి కనపడుతోంది. రేడియేటరు కారుతున్నదని తెలుసు. కోతలు అయిన తరువాత చాచాకు చూపిద్దామనుకుని, కూలెంటు బదులు తోట బోరునీళ్ళు పోస్తూ వచ్చాను. మా బోరునీళ్ళు కాచిన గిన్నెకు తెల్లని పెచ్చు కడుతుంది. రేడియేటరు సన్నని గొట్టాలలోనూ అదే కడుతుందని చదువుకున్నవాడికి తట్టవద్దా?

కల్వకుర్తి దాటి వెల్దండ దగ్గర వేడి ముల్లు పైకి లేచింది. ఆపాలి. ఆపితే వేలం తప్పుతుంది. ఇంకొక పది కిలోమీటర్లు చూద్దామనుకున్నాను. మూడో కిలోమీటరులో ముందు నుంచి పొగ లాగా ఆవిరి లేచింది, బండి గొంతు మారింది, ఆగిపోయింది. ఇంజను బాగా కాగితే పైనున్న హెడ్డు వంగుతుంది. దానికీ కింది బ్లాకుకూ మధ్య పలుచని గ్యాస్కెటు కాలిపోతుంది. నీళ్ళు వెళ్ళి నూనెలో కలుస్తాయి. సెల్‌ఫోను వెలుతురులో నూనె పుల్ల తీసి చూశాను. పాలు పోసిన చాయ రంగు.

రాత్రి రెండు గంటలు. దారిన పోయే బండ్లకు చెయ్యి ఎత్తుతూ నిలబడ్డాను. నాయిన రోడ్డు పక్క కల్వర్టు మీద కూర్చుని వున్నాడు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును. తెల్లవారిన తరువాత ఒక ఖాళీ డీసీఎం దొరికింది. వాడు అడిగిన కిరాయి ఇచ్చి, యాభై ఎనిమిది క్రేట్లూ దించి ఎక్కించి, మార్కెట్టు చేరేసరికి పది దాటింది. ఎండకు కాయ వాడింది. మంచి వేలం అయిపోయింది. మిగిలినవాళ్ళు దయతలచినట్టు కొన్నారు.

ఆ సాయంకాలం అవ్వ దగ్గరకు వెళ్ళి, తెల్లవారు వేలంలో పలికిన ధరకు లెక్క కట్టి డబ్బు చేతిలో పెట్టాను. తేడా నా జేబులోది. ఆమె చదువుకోలేదు గాని చిట్టీ అడిగింది. మనవరాలు చదివింది. చిట్టీలో అంకె ఒకటి, చేతిలో అంకె ఒకటి. అవ్వ నోట్లు ఒక్కొక్కటే లెక్కబెట్టి, ఎక్కువైనవి అరుగు మీద నా ముందు పెట్టి, "నాకు ధర్మం పెడ్తున్నవా బిడ్డా?" అన్నది. నాకు నోరు పెగలలేదు. ఆ డబ్బు తీసికొని లేవటం కంటే వెల్దండ రోడ్డు మీద నిలబడటమే సులువుగా వుండింది.

చాచా హెడ్డు విప్పి, చదును చేయించటానికి లేతు మిషనుకు పంపాడు. డీజిలు సూపర్ క్యారీని 2020లో బి.ఎస్.-6 నిబంధన వచ్చిన వేళ నిలిపివేసి, పెట్రోలు, గ్యాసు బండ్లు మాత్రమే వుంచారు. సామాను చేతికి అందేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల కాయ వ్యాపారి వచ్చి తన ధరకు తీసికొని పోయాడు. మాట్లాడకుండా తూకం వేయించాడు. నవ్వలేదు. నవ్వనందుకు ఆయనకు నేను ఋణపడి వున్నాను.

2024 జనవరిలో అవ్వ తోటలో ఆ వ్యాపారే తల పైకెత్తి పూత చూస్తుండగా నేను అటుగా వెళ్ళాను. అవ్వ నన్ను చూసి దగ్గరకు వచ్చి, "నీకు బరువైతది బిడ్డా, అందుకే" అన్నది. అందులో ఎత్తిపొడుపు లేదు. అక్కడే నాకు నొప్పి. ఆ ఏడంతా ముప్పై మూడే ఎక్కించాను. వారానికి రెండు తిరుగుళ్ళు అయినా సరే. కూలెంటు డబ్బా సీటు వెనుక స్టెప్నీతో సమానంగా వుంటున్నది. బయలుదేరే ముందు బండి కింద పాత దినపత్రిక పరిచి, పొద్దున దాని మీద మరక వున్నదేమో చూస్తాను. నా విద్యార్థి ఒకడు ఆ పని చేస్తుండగా చూసి, "సారు పేపరు బండికి కూడ సదివిస్తున్నడు" అని క్లాసంతా చెప్పాడు.

ఈ మధ్య ఒకాయన బండికి మంచి బేరం చెప్పాడు. డీజిలువి ఇక రావు గనుక కావలసినవారు వున్నారట. మా ఆవిడ ఈసారి నోరు విప్పింది, "అమ్ముడెందుకు?" అన్నది. బండి కొన్నప్పటి మౌనానికి ఇది ఎంత దూరమో కొలవటానికి నా దగ్గర ముల్లు లేదు.

2025 ఏప్రిల్‌లో కోత నాడు, క్రేట్లు ఎక్కిస్తుండగా అవ్వ మనవరాలు వచ్చి డాలా దగ్గర నిలబడింది. "అవ్వ అడగమన్నది. ఎన్ని పడ్తయి సార్?" అన్నది. ముప్పై మూడు అన్నాను. "మీవి ఎన్ని?" అన్నది. అప్పటికి ముప్పై ఒకటి ఎక్కాయి. ఆ పిల్ల వెళ్ళిపోయింది. ఇంకొక గంటకు తలమీద ఒకటి, చంకన ఒకటి క్రేట్లు పెట్టుకుని వాళ్ళ జీతగాడు, వెనకనే కర్ర పట్టుకుని అవ్వ వచ్చారు. రెండే రెండు. ఈసారి పూత మొత్తం అమ్మలేదట, ఇంటి ముందరి చెట్టు ఒకటి వుంచుకున్నదట. క్రేట్లు ఎక్కేదాకా నిలబడి, పెదవులు కదుపుతూ మొదటి వరస నుంచి లెక్కబెట్టింది.

తాడు బిగించాను. పత్రిక తీసి చూశాను, పొడిగానే వున్నది. నాయిన అప్పటికే పక్క సీట్లో కూర్చుని, తువ్వాలుతో అద్దం తుడుస్తున్నాడు.